పడమటి సరిహద్దు

ఆమెను అందరూ కత్తెర అనేవారు. అసలు పేరు గుర్తింపు కార్డులో ఉండేది, అక్కడే ఉండిపోయింది. పాలకూర కట్ట కోసినా, ఎదుటిమనిషిని కోసినా ఒక్క వేటుతో తేల్చేస్తుందని కూరల మార్కెట్లో వాళ్ళు పెట్టిన పేరది. ఆ పేరంటే ఆమెకు కోపం లేదు సరికదా, లోపల కాస్త గర్వం కూడా. ఆమె కోపమంతా ఇంకో పేరు మీద. ఆ పేరు నిదానం.

నిదానం ఆమెకు తోడికోడలు, మరిది పెళ్ళాం. నడిచినా, మాట్లాడినా, ఆఖరికి తుమ్మినా ముందు ఒకసారి ఆలోచించుకున్నట్టుంటుంది. నిదానమే ప్రధానం అని ఎవరో పెద్దమనిషి అన్నాడట. తెల్లారేసరికి తడి ఆరకుండా ఆకుకూర మార్కెట్టుకు చేర్చే పని ఆయనకు లేదు కాబట్టి అన్నాడని కత్తెర తీర్పు.

ఊరి చివర పెద్ద కాలవకూ లారీలు తిరిగే రోడ్డుకూ మధ్య, ఎవరికీ అక్కర్లేని సన్నటి గట్టునేల ఒకటుంది. పదకొండేళ్ళ కిందట అదంతా ముళ్ళకంప. మొదట అక్కడ కొడవలి పెట్టింది కత్తెరే. మొగుడు పగలంతా మూడుచక్రాల బండి తొక్కేవాడు, తను ముళ్ళు నరికేది. ఆర్నెల్లు చేతుల నిండా గీతలే. మరుసటి ఏడు మరిదినీ నిదానాన్నీ పిలుచుకొచ్చి, "ఇదిగో, మా పక్కన ఇంకా కంప ఉంది, నరుక్కోండి" అని చూపించింది. తన కొంగులోంచి తోటకూర విత్తనాలు గుప్పెడు తీసి మరిది చేతిలో పోసింది. ఆ తర్వాత ఒకరిని చూసి ఒకరు, గట్టు మీద ముప్పై కుటుంబాలయ్యాయి.

నేల తమది కాదని ముప్పై కుటుంబాలకూ తెలుసు. ఎప్పుడో ఒకప్పుడు పొమ్మంటారనీ తెలుసు. అందుకని గట్టుకు ఎవరూ రాయని చట్టాలు రెండు ఉండేవి. మొదటిది, మోకాలికి మించి ఏదీ పెరగకూడదు. తోటకూర, పాలకూర, మెంతికూర, కొత్తిమీర, అంతే. నెల తిరక్కుండా చేతికొస్తాయి. రేపు వెళ్ళగొట్టినా పోయేది నెల కష్టమే. చెట్టు పెట్టకూడదు, బావి తవ్వకూడదు, కంచె స్తంభం పాతకూడదు. ఎత్తుగా ఉన్నది రోడ్డు మీది కళ్ళలో పడుతుంది, కళ్ళలో పడితే కాగితాల్లో పడుతుంది.

రెండో చట్టం ఇంకా ముఖ్యం. రోడ్డు మీద సర్కారు జీపు ఆగిందా, చేతిలో పార ఉన్నచోటే వదిలేసి నడక మొదలుపెట్టాలి. "ఎవరిదమ్మా ఈ తోట?" అంటే, "ఏమోనండీ, దారిన పోతున్నాం" అనాలి. ఒక వానాకాలం ఎవరో కొత్త అధికారి వచ్చాడు. మోకాళ్ళ దాకా తడిమట్టితో దారిన పోయేవాళ్ళు ముప్పై మంది ఒక్కచోటే ఎదురయ్యేసరికి, పాపం, ఆయన ఏమీ రాసుకోకుండానే వెళ్ళిపోయాడు.

ఈ రెండు చట్టాలూ తప్పింది నిదానం ఒక్కతే.

వచ్చిన మరుసటేడే మూడు జామమొక్కలు పాతింది. కత్తెర నోటికి చాలా పని పడింది.

"బుద్ధుందా నీకు? చెట్టు కనబడితే నిన్నే కాదు, నీతో పాటు మమ్మల్నీ తన్ని తగిలేస్తారు."

"ఉండనీ అక్కా. ఎండలో కాస్త కూర్చోడానికి."

"కూర్చోడానికొచ్చావా పండించడానికొచ్చావా?"

నిదానం చాలాసేపు ఆలోచించి, "రెంటికీ" అంది. కత్తెర మొక్కలు పీకేసేదే. మరిది అడ్డుపడ్డాడు.

ఆ మరిది అయిదేళ్ళ కిందట జ్వరంతో పోయాడు. కత్తెర గుండెలు బాదుకుని ఏడ్చింది. నటన కాదు, నిజంగానే ఏడ్చింది. ఏడాది పాటు నిదానం మళ్ళకు కూడా తనే కాలవలోంచి డబ్బాలతో నీళ్ళు మోసి పోసింది. ఇద్దరివీ ఒకే వరుసలో పక్కపక్క రేకుల గదులు. పొయ్యి మీద పెట్టేటప్పుడే రెండు గిద్దెల బియ్యం ఎక్కువ పెట్టి, గిన్నె పక్కగదికి పంపేది. ఆ ఏడాది కత్తెరంత మంచిమనిషి ఆ వరుసలో లేదు.

కుళ్ళు మొదలైంది జామకాయలతో. మూడు చెట్లూ ఒకేసారి విరగ్గాశాయి. రోడ్డున పోయే లారీవాళ్ళు జామకాయల కోసం ఆగేవాళ్ళు, ఆగినవాళ్ళు నీడన కూర్చునేవాళ్ళు, కూర్చున్నవాళ్ళు పోతూ పోతూ రెండు కట్టలు ఆకుకూర కూడా అక్కడే కొనేవాళ్ళు. కత్తెర ఎండలో నిలబడి, "తాజా పాలకూరండీ!" అని గొంతు చించుకుంటూ ఉండేది. ఒకరోజు సొంత మొగుడే ఆ చెట్టు కింద కూర్చుని కాయ కొరుకుతూ, "ఎంత తీపో!" అన్నాడు. పొరుగింటి పుల్లకూరే రుచి అన్నారు, ఇక పొరుగింటి జామకాయ సంగతి చెప్పాలా! ఆ సాయంత్రం ఆయనకు అన్నంలోకి ఏమీ దొరకలేదు.

అంతటితో ఆగితే ఈ కథ లేదు. ఒక ఉదయం జీపు వచ్చింది.

గట్టు మీద పారలు టపటపా కిందపడ్డాయి. ముప్పై కుటుంబాలూ దారిన పోవడం మొదలుపెట్టాయి. కత్తెర అయితే రోడ్డు దాటి, అవతల పక్క బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడింది. అక్కడ బస్సాగదు. నిదానం మాత్రం చెట్టెక్కి ఉంది. కాయలు కోస్తోంది. మామూలుగానే దిగడానికి పావుగంట పట్టే మనిషి, జీపును చూసి కంగారులో ఇంకా ఆలస్యం చేసింది. జీపులోంచి ఒక ఆఫీసరమ్మ దిగి, చెట్టు కింద నిలబడి తల పైకెత్తింది.

"ఈ తోట ఎవరిదమ్మా?"

కొమ్మ మీద కూర్చుని దారిన పోతున్నానని ఎలా చెబుతారు? నిదానం ఎప్పటిలాగే ఆలోచించింది. తర్వాత, "నాదేనండీ" అంది.

"ఎన్నేళ్ళ నుంచి చేస్తున్నావు?"

"పదేళ్ళయిందండీ."

ఆఫీసరమ్మ రాసుకుంది. రోడ్డవతల కత్తెర, "అయిపోయింది, అందరి కొంపా ముంచింది" అని నెత్తి కొట్టుకుంది. తీరా చూస్తే కొంప మునగలేదు. కొత్త ఉత్తర్వు వచ్చిందట. ఆ గట్టు మీద ఎనిమిదేళ్ళు తక్కువ కాకుండా సాగు చేస్తున్నవాళ్ళకు హక్కు పత్రం ఇస్తారట. వాళ్ళు తరమడానికి రాలేదు, పేర్లు రాసుకోడానికి వచ్చారు. రాసుకుంది ఒక్క పేరే.

సంగతి తెలిసిన మర్నాడే దారిన పోయేవాళ్ళంతా పడుతూ లేస్తూ ఆఫీసుకు పరిగెత్తారు. "నిన్నటిదాకా తోట ఎవరిదో తెలీదన్నారు, ఇవాళ అందరూ రైతులయ్యారే!" అంటూ గుమాస్తా దరఖాస్తులు తీసుకున్నాడు. నెల తిరిగాక ఆఫీసు గోడ మీద జాబితా అంటించారు. పైన నిదానం పేరు, పక్కన 'అర్హురాలు' అని. ఆ కింద గీత కొట్టి, 'విచారణలో ఉన్నవి' అని మిగతా అందరూ. కత్తెరకు సంతకం పెట్టడం వచ్చు కానీ చదవడం రాదు. మొగుడి చేత చదివించింది. మళ్ళీ చదవమంది. నాలుగుసార్లు చదివించినా మొదటి పేరు మారలేదు.

ఇక ఆ రోజు నుంచి కత్తెర కడుపులో పొయ్యి ఆరలేదు.

నిదానం చేతిపంపు వేయించింది. ఇంక ఎవరూ పొమ్మనరన్న ధైర్యం మరి. కంచెకు రాతి స్తంభాలు పాతించింది. రెండేళ్ళకు గానీ కాపు రాని నిమ్మమొక్కలు పెట్టింది. రెండేళ్ళ తర్వాత సంగతి ఇప్పుడే ఆలోచించే మనిషి గట్టు మీద ఇంతవరకూ పుట్టలేదు. కత్తెర డబ్బాతో కాలవ మెట్లు ఎక్కుతూ దిగుతూ, పంపు కొట్టే చప్పుడు వింటూ పళ్ళు నూరేది. అంతకంటే పెద్ద దెబ్బ విత్తనాల కొట్లో తగిలింది. కొట్టాయన నిదానాన్ని చూసి లోపల్నుంచి స్టూలు తెచ్చి వేశాడు. పదకొండేళ్ళుగా ఆ కొట్టు ముందు నిలబడే విత్తనాలు కొన్నది కత్తెర. ఆ స్టూలును ఆమె చూసిన చూపుకు అది మండకపోవడమే విశేషం.

గట్టు చూపించింది ఎవరు? కొడవలి పట్టడం నేర్పింది ఎవరు? మొదటి గుప్పెడు విత్తనాలు ఎవరివి? మొగుడు పోయిన ఆడదాన్ని చూసి కుళ్ళుకోకూడదని ఆమెకు తెలియక కాదు. తెలిసినంత మాత్రాన కుళ్ళు ఆగుతుందా! అన్నం తింటుంటే నిదానం, నీళ్ళు మోస్తుంటే నిదానం, కళ్ళు మూసుకుంటే జాబితాలో మొదటి పేరు.

"దానికి వచ్చిందిగా, మనకూ వస్తుందిలే" అన్నాడు మొగుడు.

"ముందు దానికెందుకు రావాలి?"

"ఎవరికో ఒకరికి ముందు రావాలి కదే."

"నేను ముందొచ్చాను కదా గట్టు మీదికి!"

ఆయన బండి తీసుకుని వెళ్ళిపోయాడు.

జాబితా కింద ఇంకో ముక్క కూడా ఉంది. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పుకోవచ్చని. పద్నాలుగో రోజున కత్తెర ఉతికిన చీర కట్టుకుని ఆఫీసుకెళ్ళింది. కిటికీ దగ్గర గుమాస్తా కాగితం తీసుకుని, కలం మూత విప్పాడు.

"చెప్పమ్మా. ఏమిటి నీ అభ్యంతరం?"

"మొదటి పేరు మనిషి గట్టు మీదికొచ్చి అయిదేళ్ళేనండీ. మొగుడు పోయాక వచ్చింది. పదేళ్ళని అబద్ధం చెప్పింది."

"మరి అంతకు ముందు ఆ నేల ఎవరు చేసేవాళ్ళు?"

కత్తెర తడబడింది. ఎవరో ఒకరు చేశారంటే, ఎవరని అడుగుతాడు. మరిది పేరు బయటికొస్తుంది. మరిది పేరొస్తే నిదానం పదేళ్ళూ నిజమైపోతాయి. అందుకని దారి మొదట్లోనే నరికేసింది.

"ఎవరూ లేరండీ. ఎనిమిదేళ్ళ కింద ఆ గట్టు మీద పురుగు కూడా లేదు. అంతా ముళ్ళకంప."

గుమాస్తా రాసి, చదివి వినిపించాడు. "ఎనిమిదేళ్ళ కిందట సదరు గట్టుపై ఎవరూ సాగులో లేరు. ఎవరూ అనేగా?"

"ఎవరూ అంటే ఎవరూ."

సంతకం పెట్టి బయటికొచ్చింది. చాలా రోజుల తర్వాత ఆ పూట కడుపు నిండా తింది. కూర్చున్న కొమ్మను నరుక్కునేవాళ్ళకు కూడా, వేటు సరిగ్గా పడితే సంతోషంగానే ఉంటుంది.

విచారణ రోజున ఆఫీసు హాలు నిండిపోయింది. బల్లలు చాలక కొందరు గోడలకు ఆనుకున్నారు. పైన పంకా ఒకటి కిర్రుమంటూ తిరుగుతోంది, గాలి మాత్రం రావడం లేదు. ఆఫీసరమ్మ మొదట నిదానం ఫైలు విప్పి, వచ్చిన అభ్యంతరం పైకి చదివింది. ఎవరిచ్చారో కూడా చదివింది. నిదానం తల తిప్పి కత్తెరను చూసింది. కత్తెర పంకాను చూసింది.

తోటల శాఖాయన లేచి, "జామచెట్లు చూశానండీ. మొదళ్ళ లావును బట్టి తొమ్మిదేళ్ళకు తక్కువుండవు" అన్నాడు. అయిదేళ్ళ కిందట వచ్చిన మనిషి తొమ్మిదేళ్ళ చెట్టు ఎలా పాతుతుంది? అభ్యంతరం అక్కడికక్కడే కొట్టేశారు. కత్తెర పళ్ళు బిగించింది. సరే, దానికి రానీ, మాడి చావనీ, నా సంగతి నేను చూసుకుంటాను అనుకుంది.

ఆఫీసరమ్మ నిదానం పత్రం నింపమంది. గుమాస్తా అడుగుతున్నాడు, నిదానం ఒక్కొక్కటీ ఆలోచించి చెబుతోంది.

"ఉత్తరం సరిహద్దు?"

"కాలవండీ."

"దక్షిణం?"

"రోడ్డు."

"తూర్పు?"

"వంతెన గోడ."

"పడమర?"

నిదానం నోరు విప్పకముందే గుమాస్తా ఆగాడు. "అమ్మా, పడమర ఈ అభ్యంతరం ఇచ్చినావిడే దరఖాస్తు పెట్టిందండీ. కానీ ఎనిమిదేళ్ళ కింద గట్టు మీద ఎవరూ సాగులో లేరని ఈమే రాసిచ్చింది. మరి ఈమె దరఖాస్తు..."

"చెల్లదు" అంది ఆఫీసరమ్మ. "పడమర ప్రభుత్వ భూమి అని రాసుకో."

కత్తెర బల్ల మీద నుంచి లేచింది. "ఎవరూ అంటే... నేను కాకుండానండీ!"

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. గుమాస్తా నవ్వలేదు. "ఎవరూ అంటే ఎవరూ అన్నారు కదమ్మా."

"పదకొండేళ్ళు చేశానండీ. ఆ గట్టు మీద మొదటి కొడవలి నాది. వచ్చి నా పాలకూర చూడండి."

"నీ పాలకూర వయసెంత?" అంది ఆఫీసరమ్మ. వెటకారం కాదు, మామూలుగానే అడిగింది.

"ఇరవై రోజులు" అంది కత్తెర. పదకొండేళ్ళలో ఎన్నిసార్లు విత్తిందో, ఎన్నిసార్లు కోసిందో. చూపించడానికి మోకాలంత మొక్క కూడా మిగల్లేదు. ఇన్నాళ్ళూ దొరక్కుండా ఉండాలని చేసిన పని, ఇవాళ నిజంగానే దొరకలేదు.

"హక్కు తేలిన సరిహద్దు రైతు ఎవరైనా సాక్ష్యం చెబితే వేరే సంగతి" అంది ఆఫీసరమ్మ.

హక్కు తేలిన రైతు ఆ గట్టంతటికీ ఒక్కతే. అందరూ నిదానం వైపు తిరిగారు. ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని నేల చూస్తోంది. కత్తెరకు బతిమాలాలనే ఉంది. ఏ మొహంతో బతిమాలుతుంది? ఆ చోట తనుంటే నోరు విప్పేది కాదు. ఆ సంగతి తనకు బాగా తెలుసు కాబట్టి ఆశ వదులుకుంది. గుమాస్తా కలం కాగితానికి ఆనించాడు.

"పడమర మా అక్కదండీ" అంది నిదానం.

"ఎన్నేళ్ళుగా?"

"నేనొచ్చేసరికే ఉందండీ. మాకు మొదటి విత్తనాలిచ్చింది తనే."

కత్తెరకు ప్రాణం లేచివచ్చింది. నిజం చెప్పుకోవాలంటే ఆ వెనకాలే, ఊపిరి తీసుకునేలోపే, కడుపులో మళ్ళీ మంట లేచింది. చూశావా, మంచితనంలో కూడా ఇదే మొదటి పేరు!

అభ్యంతరం వెనక్కి తీసుకుంటేనే దరఖాస్తు నిలుస్తుందన్నారు. దానికో కాగితం. అందులో కారణం రాయాలి. గుమాస్తా జాలిపడి, "పొరపాటున ఇచ్చానని రాయనా?" అన్నాడు.

"అవునండీ, పొరపాటనే రాయండి" అంది నిదానం.

"నువ్వు ఊరుకోవే!" కత్తెర గయ్యిమంది. "నా తప్పుకు కూడా నీ సిఫార్సేనా? పొరపాటు లేదు, ఏమీ లేదు. దాన్ని చూసి ఓర్వలేక అబద్ధం రాయించాను. కుళ్ళు. అదే రాయండి."

"అలా రాయకూడదమ్మా. వ్యక్తిగత కారణాలని..."

"ఆవిడ చెప్పిందే రాయి" అంది ఆఫీసరమ్మ.

రాశాడు. కత్తెర సంతకం పెట్టింది. ఆఫీసరమ్మ నిదానం పత్రంలో పడమర గడి చూపించి, "అక్కడ ఈమె పేరు రాయి" అంది. కత్తెర పత్రం నెల రోజుల్లో వస్తుందని చెప్పి, తర్వాతి ఫైలు విప్పింది.

ఇద్దరూ ఒకరి వెనక ఒకరు మెట్లు దిగారు. ఎండ మండుతోంది. బస్సుస్టాపు దాకా నడిచారు. అక్కడ కత్తెర ఇక ఆగలేకపోయింది.

"నీ బదులు నేనుంటే చెప్పేదాన్ని కాదు."

"తెలుసక్కా."

"తెలిసి మరి ఎందుకు చెప్పావు?"

నిదానం ఆలోచించింది. బస్సొకటి వచ్చి ఆగింది, వెళ్ళిపోయింది. వాళ్ళదే. ఇద్దరిలో ఎవరూ ఎక్కలేదు.

"నేనూ చెప్పొద్దనే అనుకున్నా" అంది నిదానం. "ఆవిడ ప్రభుత్వ భూమి రాసుకో అన్నప్పుడు, బాగా అయిందనిపించింది. అబద్ధమెందుకు చెప్పాలి."

"మరి?"

"ఆయన పోయిన రోజు నుంచీ అందరూ నన్ను చూసి అయ్యో పాపం అంటారక్కా. కూర కొనేవాళ్ళు పాపమని కొంటారు. చెట్టు కింద కూర్చునేవాళ్ళు పాపమని కూర్చుంటారు. వినీ వినీ, నిజంగానే నా దగ్గర ఏమీ లేదేమో అనుకున్నాను." కొంగుతో మొహం తుడుచుకుంది. "నువ్వొక్కదానివే నన్ను చూసి కుళ్ళుకున్నావు. నువ్వు కూడా వెళ్ళిపోతే ఎట్లా?"